చివరి మజిలీ నోటీసు బోర్డు

ఈ ఏడాది వార్షికోత్సవం ఏర్పాట్ల గురించి పూర్వ విద్యార్థులు, ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళు కలిసి కూర్చున్నప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. మన హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరన్నలు మోటార్ సైకిలు మీద ఇచ్ఛాపురం నుంచి తడ దాకా యాత్ర చేస్తామన్నారు. సుమారు వెయ్యి కిలోమీటర్లు. దారిలో ఊరూరా ఆగి విరాళాలు పోగుచేసి, మన స్టడీ రూముకు బల్లలు, ఫ్యాన్లు, పోటీ పరీక్షల పుస్తకాలు కొనాలని వాళ్ళ ఆలోచన. ఇద్దరూ ఒకే ట్రంకు పెట్టె మీద కూర్చుని చదువుకున్న స్నేహితులు. అందుకే ఆ మాట చెబుతున్నప్పుడు వాళ్ళ ముఖాల్లో ఉత్సాహం చూసి చాలామంది చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక గొడవ మొదలైంది. "మనమేమన్నా బిచ్చగాళ్ళమా, రోడ్డున పడి అడుక్కోవడానికి?" అని ఒకరన్నారు. "ఎవరిస్తే ఏం, బల్లలొస్తే చాలదా?" అని ఇంకొకరన్నారు. "పెట్రోలు డబ్బులేవో ఇటే ఇవ్వచ్చు కదా, అంత దూరం తిరగడం దేనికి?" అని మూడో మాట. "ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సిన పనులు, మనం చేస్తే వాళ్ళు చేతులు దులుపుకుంటారు" అని నాలుగో మాట. నాలుగు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఈ విషయం మీద నా అభిప్రాయం మన సంచికలోనే రాయాలనిపించింది. యాత్ర చేయాలనే నేనంటాను. అయితే ఎలా బయల్దేరాలి, ఎవరి కోసం అడగాలి, ఎక్కడ ముగించాలి అనేది ముందే తేల్చుకోవాలి. ఇలాంటి యాత్రలు బయల్దేరడం తేలిక. సరిగ్గా ముగించడమే కష్టం.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ప్రపంచంలో ఇలాంటి యాత్రలు చేసినవాళ్ళలో నేను ఎక్కువగా చదివింది ఇద్దరు కెనడా యువకుల గురించి. ఇద్దరూ స్నేహితులే. ఇద్దరి వెనకా ఇంకో స్నేహితుడున్నాడు. మన అన్నల యాత్రకు వాళ్ళ కథలు బాగా పనికొస్తాయి.

మొదటివాడు టెర్రీ ఫాక్స్. 1958లో పుట్టాడు. 18 ఏళ్ళ వయసులో, 1977లో, ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆపరేషనుకు ముందురోజు రాత్రి అతని కోచ్ ఒక పత్రిక తెచ్చిచ్చాడు. అందులో కృత్రిమ కాలుతో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తిన డిక్ ట్రామ్ అనే ఆయన గురించి వ్యాసం ఉంది. టెర్రీకి అక్కడ పడింది బీజం. ఏడాదికి పైగా సాధన చేసి, 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ నగరం దగ్గర కృత్రిమ కాలిని అట్లాంటిక్ సముద్రంలో తడిపి పరుగు మొదలుపెట్టాడు. సీసాలో ఆ సముద్రం నీళ్ళు పట్టుకున్నాడు. పడమటి కొసన పసిఫిక్‌లో పోయాలని అనుకున్నాడు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయడం అతని లక్ష్యం. రోజుకు ఒక మారథాన్, అంటే సుమారు 42 కిలోమీటర్లు. ఒక కాలి మీద.

అతని వెంట వ్యాను నడిపినవాడు డగ్ ఆల్వర్డ్. చిన్ననాటి స్నేహితుడు. వ్యాను నడపడం, వంట చేయడం, ముందు ఊరికి కబురు పెట్టడం అతని పని. టెర్రీ పేరు లోకానికంతా తెలిసింది, డగ్ పేరు చాలామందికి తెలియదు. పైగా ఆ ప్రయాణంలో ఇద్దరికీ పడలేదు కూడా. గాలివానలు, మంచు, అలసట, చాలని నిద్ర. నోవా స్కోషియా చేరేసరికి ఇద్దరి మధ్య దాదాపు మాటలు లేవు. టెర్రీ తల్లిదండ్రులు విమానమెక్కి వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత టెర్రీ తమ్ముడు డారెల్ కూడా వ్యానులో చేరాడు. అయినా డగ్ వ్యాను వదిలి వెళ్ళిపోలేదు.

143 రోజులు, 5,373 కిలోమీటర్లు. 1980 సెప్టెంబరు 1న థండర్ బే అనే ఊరి దగ్గర దగ్గు, ఛాతీలో నొప్పి వచ్చి టెర్రీ ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆ వ్యానులో డగ్గే. 1981 జూన్ 28న టెర్రీ చనిపోయాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్ళు. ఈ సంచిక చదివే మనలో చాలామంది వయసు.

రెండోవాడు రిక్ హాన్సెన్. టెర్రీకి కాలు తీసేశాక చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టులోకి పిలిచింది ఇతనే. రిక్ 1973లో, 15 ఏళ్ళ వయసులో, స్నేహితుడు డాన్ ఆల్డర్‌తో కలిసి చేపలు పట్టి తిరిగివస్తూ ఒక పికప్ ట్రక్కు వెనక ఎక్కాడు. ట్రక్కు బోల్తా పడింది. డాన్ బయటపడ్డాడు. రిక్‌కు వెన్నెముక దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. 1985 మార్చి 21న రిక్ చక్రాల కుర్చీలో ప్రపంచయాత్రకు వాంకూవర్ నుంచి బయల్దేరాడు. 34 దేశాలు, 40 వేల కిలోమీటర్లకు పైగా, 26 నెలలు. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1987 మే 22న మళ్ళీ వాంకూవర్ చేరేసరికి స్టేడియం నిండిపోయింది. వెన్నుపాము గాయాల పరిశోధనకు, వికలాంగుల సౌకర్యాలకు 2 కోట్ల 60 లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ యాత్ర బృందంలో ఎవరున్నారో తెలుసా? ట్రక్కు ప్రమాదంలో రిక్ పక్కనే కూర్చున్న ఆ డాన్ ఆల్డర్. ఒకే ప్రమాదంలో ఒకరు లేచి నడిచారు, ఒకరు నడవలేకపోయారు. పన్నెండేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే దారిన బయల్దేరారు.

ఈ ఇద్దరిలో ఒకరు యాత్ర పూర్తిచేశారు, ఒకరు చేయలేకపోయారు. మరి టెర్రీ యాత్ర ఓడిపోయినట్లా? అంకెలు చూద్దాం. టెర్రీ మొదట్లో పది లక్షల డాలర్లు అనుకున్నాడు. తర్వాత కెనడాలో మనిషికి ఒక్క డాలరు అన్నాడు. అప్పటి కెనడా జనాభా 2 కోట్ల 40 లక్షల పైచిలుకు. అతను దారిలో ఆగిపోయేనాటికి 17 లక్షల డాలర్లే వచ్చాయి. 1981 ఫిబ్రవరికి, అతను బతికుండగానే, మొత్తం 2 కోట్ల 41 లక్షలు దాటింది. మనిషికి డాలరు చేరింది. 1981 సెప్టెంబరులో మొదలైన టెర్రీ ఫాక్స్ పరుగు ఇప్పటికీ ఏటా సాగుతోంది. ఇప్పటిదాకా 80 కోట్ల కెనడా డాలర్లకు పైగా క్యాన్సర్ పరిశోధనకు చేరాయి.

టెర్రీ తర్వాత స్టీవ్ ఫోన్యో అనే ఇంకో యువకుడు, 12 ఏళ్ళకే క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్నవాడు, 1984లో అదే చోట మొదలుపెట్టి 1985 మేలో పసిఫిక్ తీరం చేరాడు. టెర్రీ చేరలేని ఒడ్డు అతను చేరాడు. కోటి డాలర్లకు పైగా పోగుచేశాడు. దేశం పెద్ద బిరుదిచ్చింది. ఆ తర్వాతి జీవితంలో అతను తాగుడు, మత్తుమందులు, కోర్టు కేసులతో నలిగిపోయాడు. ఇచ్చిన బిరుదును 2009లో వెనక్కి తీసుకున్నారు. అతన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. అతను పోగుచేసిన డబ్బు నిజం, అతని పరుగు నిజం. నేను చెప్పేదల్లా ఒక్కటే. చివరి కిలోమీటరు రాయి దాటడం వేరు, యాత్ర ముగియడం వేరు. రాయి దగ్గర దండలేసినవాళ్ళు మర్నాడు ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ మర్నాటి నుంచి ఏం జరుగుతుందన్నదే ముఖ్యం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

విరాళం అనే మాట వినగానే మనలో చాలామందికి ఎందుకు రోషం వస్తుందో నాకు తెలుసు. మనం విరాళాన్ని ఇచ్చే చేతి వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. పుచ్చుకునే వరసలో నిలబడి చూశాం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పట్నం నుంచి ఒక బృందం నోటు పుస్తకాలు పంచడానికి వచ్చింది. పొద్దున్నే తలలు దువ్వించి వరండాలో వరసగా కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అంతదాకా అన్నం వడ్డించలేదు. ఒక్కొక్కరికి రెండు నోటు పుస్తకాలు. పుస్తకం ఒక చివర మేం పట్టుకుంటే రెండో చివర ఆయన పట్టుకున్నాడు, ఫొటో తీసేదాకా వదల్లేదు. నవ్వమన్నారు. నవ్వాం. ఆ పుస్తకాలు బాగా పనికొచ్చాయి, కాదనను. కానీ మర్నాడు పేపర్లో మా ఫొటో కింద ఆయన పేరుంది, మా పేర్లు లేవు. 'నిరుపేద విద్యార్థులు' అని ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు అనుభవం కూడా మన హాస్టల్లోనే ఉంది. బస్టాండు దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ఏటా జూన్‌లో పాత ఇంటర్, డిగ్రీ పుస్తకాలు సైకిలు వెనక కట్టుకుని తెచ్చి ఇచ్చేవారు. ఎవరు ఏ గ్రూపు తీసుకున్నారో అడిగేవారు. కిందటేడు ఇచ్చిన పుస్తకాలు చదివారా లేదా అని అడిగేవారు. చదవకపోతే కోప్పడేవారు. ఆయన ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. కానీ ఆయన ముందు చేయి చాచామని మాకు ఎన్నడూ అనిపించలేదు. ఎందుకంటే ఆయన మళ్ళీ వస్తారని మాకు తెలుసు, ఏం చేశామో అడుగుతారని తెలుసు. లెక్క రెండు వైపులా ఉంది.

టెర్రీ ఫాక్స్ పరుగులో నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడే చెప్పాలి. అతను నిక్కరు వేసుకునే పరుగెత్తాడు. కృత్రిమ కాలు అందరికీ కనబడేలా. సిగ్గుపడలేదు. ఒకరు వచ్చి అతని కాలును చూపించి చందా అడగలేదు. తన కాలు తానే చూపించుకుని, తన నోటితో తానే అడిగాడు. తనలాంటి రోగుల కోసం అడిగాడు. అది బిచ్చం కాదు. అందరికీ ఉన్న పనిని అందరి ముందూ పెట్టడం. పైగా గొప్పవాళ్ళ దగ్గర లక్షలు అడగడం కంటే మనిషికి డాలరు అడిగాడు. పోర్ట్ ఓ బాస్క్ అనే పదివేల మంది ఉన్న చిన్న ఊరు పదివేల డాలర్లు పైగా పోగుచేసి ఇచ్చిందట. అంటే మనిషికి డాలరు అనే లెక్క ఆ ఊరే ముందు చేసి చూపించింది. ఒక్క డాలరు ఇచ్చినవాడు ఎవరి మీదా పెత్తనం చేయలేడు. ఫొటోలో మధ్యన నిలబడలేడు. కానీ ఆ పని నాది అనుకుంటాడు.

కాబట్టి "మనం బిచ్చగాళ్ళమా" అన్న అన్నకు నా జవాబు ఇది. మన తరఫున వేరేవాళ్ళు అడిగితే అది బిచ్చం. మన గురించి మనమే, మన పేరుతో, మన లెక్క చూపించి అడిగితే అది చందా. పల్లెల్లో గుడికి, పండగకు, పెళ్ళికి చందాలు వేసుకోవడం మనకు కొత్త కాదు. హాస్టల్ స్టడీ రూముకు వేసుకుంటే తప్పేముంది? యాత్ర చేసేవాళ్ళు మన హాస్టల్ అన్నం తిన్న అన్నలే కావడం అందుకే బాగుంది. వాళ్ళు ఒకరి పేదరికాన్ని మోసుకుని తిరగరు, తమ కథ తాము చెబుతారు.

ఇక "పెట్రోలు డబ్బులిస్తే సరిపోదా" అన్న మాట. లెక్క వేద్దాం. వెయ్యి కిలోమీటర్లు వెళ్ళడం, ఊళ్ళలోకి వెళ్ళిరావడం, ఇంటికి తిరిగి రావడం కలిపి రెండువేల కిలోమీటర్లనుకోండి. లీటరుకు 45 కిలోమీటర్లు వచ్చే బండికి సుమారు 45 లీటర్లు. లీటరు నూరు రూపాయలు దాటి చాలా కాలమైంది. అంటే ఒక్క బండికి అయిదువేలు. ఇద్దరూ చెరో బండి తీస్తే పదివేలు. పదివేలకు మంచి పుస్తకాలు చాలానే వస్తాయి. కాబట్టి ఆ ప్రశ్న అడిగిన తమ్ముణ్ణి పిసినారి అనకండి, సరైన ప్రశ్నే అడిగాడు. దీనికి జవాబు కూడా కెనడాలోనే ఉంది. టెర్రీకి వ్యాను ఒక కంపెనీ ఇచ్చింది, ఇంధనం ఒక కంపెనీ ఇచ్చింది, బూట్లు ఒక కంపెనీ ఇచ్చింది. కానీ తన పేరు మీద వ్యాపార ప్రకటనలకు, తనకు డబ్బు మిగిలే ఒప్పందాలకు అతను ఒప్పుకోలేదు. పరిశోధన పేరుతో జనం ఇచ్చిన డబ్బు పరిశోధనకే పోవాలన్నాడు. మన అన్నలు కూడా రెండు బండ్ల బదులు ఒక్క బండి మీద వెళ్ళాలి. పెట్రోలు, భోజనం, బస ఖర్చు తమ జేబులోంచి పెట్టుకోవాలి, లేదా ఆ ఖర్చుకనే చెప్పి స్నేహితుల దగ్గర విడిగా తీసుకోవాలి. రసీదు పుస్తకంలో పడిన రూపాయి నుంచి ఒక టీ కూడా తాగకూడదు. అలాగైతే ఆ అయిదువేలు దండగ కాదు. ఒక గదిలో కూర్చుని ఇచ్చిన అయిదువేలు అయిదువేలుగానే ఉంటుంది. దారిలో తిరిగిన అయిదువేలు ఎన్నో ఊళ్ళలో మన హాస్టళ్ళ గురించి మాట్లాడిస్తుంది.

నాలుగో మాట అన్నింటికంటే బరువైనది. ఇదంతా ప్రభుత్వం పని కదా? అవును, ప్రభుత్వం పనే. షెడ్యూల్డు కులాల, తెగల, ఇతర బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణ ప్రభుత్వానికి చెప్పింది. సాంఘిక సంక్షేమ హాస్టలు ఎవరి దయాదాక్షిణ్యాల మీదా నిలబడిన సత్రం కాదు. డైట్ ఛార్జీలు, కాస్మెటిక్ ఛార్జీలు, దుప్పట్లు, ట్యూటర్లు, వంటమనుషులు, మరుగుదొడ్లు, నీళ్ళు, ఇవన్నీ మనకు రావలసినవి. వీటి కోసం విరాళం అడిగితే మన బాకీని మనమే మాఫీ చేసినట్టు. అలాంటి వాటికి ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కానీ ఈ మాట చెప్పి చేతులు కట్టుకు కూర్చోవడం కూడా సరికాదు. అంబేడ్కర్ గారు ఏం చేశారో చూడండి. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925లో ఆ సభ షోలాపూర్‌లో అణగారిన కులాల పిల్లలకు హాస్టలు తెరిచింది. ప్రభుత్వం తెరిచేదాకా ఆగుదామనలేదు. అలాగని ప్రభుత్వాన్ని వదిలిపెట్టలేదు. 1927 నుంచి బొంబాయి శాసన మండలిలో సభ్యుడిగా కూర్చుని చదువుకు నిధులెందుకు చాలడం లేదని నిలదీశారు. ఒక చేత్తో హాస్టలు నడిపారు, ఇంకో చేత్తో దాని బాధ్యత ఎవరిదో గుర్తుచేశారు. రెండూ ఒకే మనిషి చేసిన పనులు.

అందుకని యాత్రకు వెళ్ళే అన్నల బండి మీద రెండు పుస్తకాలుండాలంటాను. ఒకటి రసీదు పుస్తకం. స్టడీ రూము పుస్తకాలు, బల్లలు, పోటీ పరీక్షల పత్రికలు, అంటే మన వాళ్ళు మన కోసం పెట్టుకోగలిగినవి, అందులోకి. రెండోది అర్జీల పుస్తకం. దారి పొడుగునా ఉన్న సంక్షేమ హాస్టళ్ళలో ఆగి, అక్కడి తమ్ముళ్ళను, చెల్లెళ్ళను వాళ్ళ వార్డెన్ అనుమతితో కలిసి, ప్రభుత్వం నుంచి ఏం రావాలో, ఏం ఆగిపోయిందో రాసుకోవాలి. నీళ్ళ ట్యాంకు, కిటికీ తలుపులు, ఖాళీగా ఉన్న ట్యూటర్ పోస్టు, ఏదైనా సరే. ఏ హాస్టలు సంగతి ఆ జిల్లా అధికారులకు అర్జీగా ఇవ్వాలి. మొదటి పుస్తకం ఖాళీగా వచ్చినా, రెండో పుస్తకం నిండి వస్తే ఆ యాత్ర వృథా కాదు.

ఇక స్నేహితుల సంగతి. ఇద్దరు కలిసి వెళ్తున్నారంటే అందరూ సరదా అనుకుంటున్నారు. వేసవిలో వెయ్యి కిలోమీటర్లు బండి మీద కూర్చుంటే నడుం పట్టేస్తుంది, గొంతు ఎండిపోతుంది, ఎంత స్నేహితులైనా మూడోరోజుకు మాటా మాటా వస్తుంది. టెర్రీ, డగ్‌ల మధ్య వచ్చింది, మన అన్నల మధ్యా రావచ్చు. అందుకే బయల్దేరకముందే పని పంచుకోవాలి. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాయాలి. చందా తీసుకునే చేయి, పద్దు రాసే చేయి ఒకటి కాకూడదు. ఇది ఒకరి మీద ఒకరికి అనుమానంతో చెప్పే మాట కాదు. స్నేహం నిలవడం కోసం చెప్పే మాట. డబ్బు దగ్గర నోరు మెదపని మొహమాటం వల్ల చెడిపోయిన స్నేహాలు మనకు తెలియనివా?

ఈ విషయంలో మనకు పెద్ద చదువులు చదివినవాళ్ళ కంటే మన అమ్మలే ఆదర్శం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా అమ్మకు సంతకం తప్ప రాదు. కానీ డ్వాక్రా సంఘం సమావేశంలో ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది, బ్యాంకులో ఎంత ఉంది అని అందరి ముందూ పైకి చదువుతారు. చదువు రానివాళ్ళు చెవులతో లెక్క చూస్తారు. తేడా వస్తే అక్కడికక్కడే అడుగుతారు. అడిగినందుకు ఎవరూ అలగరు. కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళు చేయగలిగిన పని డిగ్రీలు, పీజీలు చదివిన మనం చేయలేమా?

అందుకే నా దృష్టిలో ఈ యాత్ర తడలో ముగియదు. తడలో ఫొటో దిగండి, కాదనను. కానీ అక్కడి నుంచి తిరిగొచ్చి, మన హాస్టల్ నోటీసు బోర్డు మీద జమా ఖర్చుల కాగితం అంటించిన రోజు ముగుస్తుంది. ఎవరెంత ఇచ్చారు, మొత్తం ఎంత, దేనికెంత పెట్టారు, మిగిలింది ఎక్కడుంది. పక్కన బిల్లులు. ఆ కాగితం ఒకరోజు ఉంచి చించేయకూడదు, ఏడాదంతా ఉండాలి. అదే కాగితం నకలు చందా ఇచ్చిన ప్రతి ఊరికీ చేరాలి. పది రూపాయలిచ్చిన టీకొట్టు ఆయనకు కూడా తన పది రూపాయలు ఏ పుస్తకంలోకి వెళ్ళాయో తెలియాలి.

ఏం కొనాలో నిర్ణయించేది ఎవరు? ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళే. పదో తరగతి నుంచి ఇద్దరు, తొమ్మిది నుంచి ఇద్దరు, ఎనిమిది నుంచి ఒకరు, వీళ్ళతో కమిటీ వేయండి. పూర్వ విద్యార్థులం మనం సలహా చెబుదాం, నిర్ణయం వాళ్ళకు వదిలేద్దాం. మాకు కావాల్సింది ఏమిటో మమ్మల్ని అడగకుండానే పంచిపెట్టిన రోజులు మనకు గుర్తున్నాయి. మళ్ళీ మనమే ఆ పని చేయకూడదు. ముఖ్యంగా ఒక్క విషయం రాసిపెట్టుకోండి. తమ్ముళ్ళ చేతుల్లో వస్తువు పెట్టి ఫొటో తీయకూడదు. బల్లల ఫొటో తీయండి, పుస్తకాల బీరువా ఫొటో తీయండి, నోటీసు బోర్డు ఫొటో తీయండి. పిల్లల ముఖాలు వద్దు.

చివరగా, ఒకసారి చేసి మానేసే యాత్ర వద్దు. టెర్రీ ఆగిపోయాక అతని పని సాగింది ఏటా జనం మళ్ళీ మళ్ళీ పరుగెత్తడం వల్ల. రిక్ యాత్ర ముగిశాక 1988లో అతని పేరు మీద సంస్థ ఏర్పడి ఇప్పటికీ పనిచేస్తోంది. మనం అంత పెద్దవాళ్ళం కాదు. ఈ ఏడు ఈ ఇద్దరన్నలు వెళ్తే, వచ్చే ఏడు ఇంకో ఇద్దరు పూర్వ విద్యార్థులు వెళ్ళాలి. దూరం తగ్గినా ఫర్వాలేదు. సైకిలు మీద మన జిల్లా చుట్టి వచ్చినా చాలు. కానీ ఇంకో ఇద్దరు బయల్దేరేముందు కిందటి ఏడు జమా ఖర్చు వార్షికోత్సవ సభలో పైకి చదవాలి. తమ్ముళ్ళు లేచి ప్రశ్నలడగాలి. సమాధానం చెప్పాకే బండి స్టార్టు చేయాలి.

అన్నలూ, తప్పకుండా వెళ్ళండి. హెల్మెట్లు పెట్టుకోండి, రాత్రిళ్ళు నడపకండి. రసీదు పుస్తకానికి వరస నంబర్లు వేయించడం మర్చిపోకండి. తమ్ముళ్ళూ, మీరు నోటీసు బోర్డులో చోటు ఖాళీ చేసి ఉంచండి. అక్కడ కాగితం పడేదాకా అన్నలను అడుగుతూనే ఉండండి. అడగడం మీ హక్కు. చెప్పడం వాళ్ళ బాధ్యత.